మోకాలి లోతు బురదలో ఆరుగురు: మీ ప్రశ్నలు, మా జవాబులు

సంక్రాంతి దగ్గరపడుతుంటే బురద అడ్డంకుల పరుగు గురించి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, కొన్నిటిని కుదించి ఇస్తున్నాం.

ప్రశ్న: మా ఆఫీసులో ఆరుగురం, నలుగురు మగవాళ్ళం ఇద్దరు ఆడవాళ్ళు, జనవరిలో 5 కిలోమీటర్ల బురద పరుగుకి జట్టుగా పేర్లు ఇచ్చేశాం. పొద్దున్న వాకింగ్ తప్ప ఎవరికీ ఏ అలవాటూ లేదండి. ఇది మామూలు 5కె లాంటిదేనా? ఇప్పట్నుంచి ఏం చేయాలి?
- ఓ పాఠకుడు, రావులపాలెం

కాదండి. మామూలు 5 కిలోమీటర్లు కొత్తవాళ్ళు కూడా ముప్పై, నలభై నిమిషాల్లో ముగించేస్తారు. ఇక్కడ అదే దూరానికి గంట నుంచి గంటన్నర పడుతుంది. పరిగెత్తేది తక్కువ. పాకడం, ఎక్కడం, మోయడం, తడిసిన ఒంటితో వంతు కోసం నిలబడడం ఎక్కువ. ఆ నిలబడడంలోనే పిక్కలు పట్టేస్తాయి. వరసలో ఉన్నంతసేపూ మడమలు పైకీ కిందకీ ఆడిస్తూ ఉండండి.

ముందు నిర్వాహకుల నిబంధనలు తెప్పించుకుని చదవండి. ఈ ఆటలో రెండు సంప్రదాయాలున్నాయి. 2010లో అమెరికాలో మొదలైన టఫ్ మడర్‌లో ప్రధానమైన పరుగుకి గెలుపోటములు లేవు, పక్కవాడికి చెయ్యివ్వడమే ఆట. అదే ఏడు మొదలైన స్పార్టన్ రేస్‌లో గడియారం ఉంటుంది. అడ్డంకి దాటలేకపోతే 30 బర్పీలు (నేల మీద బోర్లా పడుకుని, లేచి ఎగిరే కసరత్తు) శిక్ష అన్న పద్ధతి అక్కణ్ణుంచి వచ్చిందే. మీది ఏ తరహానో తెలిస్తే సాధన ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ఎనిమిది వారాలుంటే చాలు. వారంలో రెండు రోజులు కాలవ గట్టు మీద ఐదు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, మొత్తం అరగంట. ఆరో వారానికి దాన్ని యాభై నిమిషాలు చేయండి. ఒక రోజు మోత: 20 లీటర్ల పెయింటు బకెట్లు రెండు తీసుకుని సగానికి నీళ్ళు పోస్తే చేతికి పది కిలోలు. నలభై మీటర్లు నడిచి దించడం, అలా ఆరుసార్లు. ఇంకో రోజు వేలాడడం. స్కూలు గ్రౌండులో ఉండే ఇనప బారుకి రెండు చేతులతో ఊరికే వేలాడండి. మొదట పది సెకన్లే కష్టం. ముప్పై సెకన్ల చొప్పున నాలుగుసార్లు చేయగలిగితే సిద్ధమైనట్టే. వీటిలో ఏదైనా మానేయాల్సి వస్తే పరుగు మానేయండి గానీ వేలాడడం మానకండి. రోజూ నడిచేవాళ్ళ కాళ్ళు ఎలాగో లాక్కొస్తాయి. ముందు చేతులెత్తేసేది చేతులే. చివరి వారం విశ్రాంతి.

పరుగు రోజు లోపు కనీసం రెండుసార్లు ఆరుగురూ అవే బూట్లు, అవే బట్టలు పూర్తిగా తడిపి వేసుకుని కలిసి సాధన చేయండి. ఎవరి బూటు జారుతుందో, ఎవరి ప్యాంటు కిందకి దిగుతుందో ఆ రోజే తెలిసిపోతుంది.

ప్రశ్న: నేను పొలం గట్టు మీద కూడా సరిగ్గా నడవలేను. బురదలో కాలు దిగబడితే బూటు లోపలే ఉండిపోతుందంటున్నారు. నడుం దాకా కూరుకుపోతే ఏంటి దారి?
- ఓ పాఠకురాలు, అమలాపురం

బురదంతా ఒకటి కాదు. దమ్ము చేసిన, అంటే నీళ్ళు పెట్టి బురదగా దున్నిన, వరిచేలో పైన జానెడు మేర మాత్రమే మెత్తన. దాని కింద ఏళ్ళ తరబడి దున్నకం వల్ల, నీరు నిలవడం వల్ల బిగుసుకున్న గట్టి పొర ఉంటుంది. చేలో ట్రాక్టరు తిరుగుతోందంటే ఆ పొర చలవే. అక్కడ పిక్కల మధ్య దాకా దిగి ఆగిపోతారు, నడుం దాకా పోవడం ఉండదు. భయపడాల్సింది మురుగు కాలవ అడుగు, పాత చేపల చెరువు, పూడిక పేరుకున్న కాలవ అంచు. వాటికి అడుగు గట్టి పొర ఉండదు. పోటీ కోసం ప్రొక్లెయినర్‌తో తవ్విన గుంత ఈ రెంటికీ మధ్యరకం. గట్టి పొరను తవ్వేశారు కాబట్టి మోకాలు, ఒక్కోసారి తొడ దాకా దిగొచ్చు.

బూటు ఎందుకు ఉండిపోతుందంటే, కాలు నిటారుగా పైకి లాగినప్పుడు పాదం కింద ఖాళీ ఏర్పడుతుంది. అందులోకి గాలీ నీరూ చొరబడే దారి లేక బూటుని కిందకే పీల్చి పట్టుకుంటుంది. దారి మనమే ఇవ్వాలి. దిగిన కాలిని ముందు చీలమండ దగ్గర అటూ ఇటూ మెలితిప్పండి. పక్కల నుంచి నీరు లోపలికి దిగినట్టు బుడుక్కుమని చప్పుడొస్తుంది. అప్పుడు మడమ ముందు లేపి, వేళ్ళు కిందకి పెట్టి, కాస్త వెనక్కి జార్చినట్టు తీయండి. ఊడ్పుల్లో ఆడవాళ్ళని గమనించండి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బురదలో వెనక్కి జరుగుతూనే ఉంటారు, ఒక్కరూ కాలు ఎత్తెత్తి వేయరు.

పాదం మొత్తం ఒకేసారి ఆనేలా వేయండి. అడుగులు చిన్నవి, ఒకే చోట ఎక్కువసేపు నిలబడొద్దు. ముందు వెళ్ళినవాళ్ళ అడుగులో అడుగు వేయడం గట్టు మీద మంచిది, బురదలో చెడ్డది. తొక్కినచోట ఇంకా మెత్తబడి ఇంకా లోతవుతుంది. జానెడు పక్కకి జరిగి వేయండి.

తొడ దాకా దిగితే మొదటి తప్పు రెండు కాళ్ళూ కలిపి గుంజడం. రెండో తప్పు, సాయం చేద్దామని ఇద్దరు దూకడం. అప్పుడు చిక్కుకున్నవాళ్ళు ముగ్గురవుతారు. బురద నీటికంటే బరువైనది, కనుక ఒళ్ళు దాని మీద తేలుతుంది. ముందుకి వాలి మోచేతులు, రొమ్ము బురద మీద పరిచేయండి. బరువు కాళ్ళ మీద నుంచి పోతుంది. ఒక కాలిని చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పుతూ మెల్లగా తీయండి, తర్వాత రెండోది. సాయం చేసేవాళ్ళు గట్టి అంచున మోకరించి వెదురుబొంగు గానీ తాడు గానీ అందించాలి. చేతులు పట్టి ఒక్క కుదుపున లాగితే భుజం కీలు తప్పుకోవచ్చు. చంకల కింద పట్టి నిదానంగా లాగాలి. ఎంత జోరుగా లాగితే బురద అంత బిగుస్తుంది.

అయినా బూటు ఊడిందే అనుకోండి, కాలు బయటికి తీసేయొద్దు. తీసిన మరుక్షణం గుంత పూడుకుపోతుంది, ఇక బూటు ఎక్కడుందో దేవుడికే తెలియాలి. కాలు అలాగే ఉంచి, దాని వెంబడి చెయ్యి కిందకి పోనిచ్చి, మడమ దగ్గర పట్టీ దొరకబుచ్చుకున్నాకే రెండూ కలిపి తీయండి.

ప్రశ్న: మా పోటీలో 8 అడుగుల చెక్క గోడ ఉందట. జట్టులో ఒకాయన 95 కిలోలు. ఆయన్ని ఆఖర్న ఉంచి మిగతావాళ్ళం ముందు ఎక్కేద్దామనుకుంటున్నాం. సరైనదేనా?
- ఓ పాఠకుడు, పాలకొల్లు

సరిగ్గా తలకిందులండి. బరువైన మనిషి మధ్యలో ఎక్కాలి, కింద తోసేవాళ్ళు ఇద్దరు, పైన లాగేవాళ్ళు ఇద్దరు ఉన్నప్పుడు. ఆఖర్న మిగిలే మనిషికి కింద ఎవరూ ఉండరు. అక్కడ ఉండాల్సింది తేలిగ్గా ఉండి బాగా ఎగరగలిగినవాళ్ళు.

ఐదున్నర అడుగుల మనిషి చేతులు పైకి చాపితే వేళ్ళ కొసలు సుమారు 7 అడుగులు అందుతాయి. లోటు అడుగే గనక గోడ అంచు పట్టుకోవడం కష్టం కాదు. కష్టమంతా అక్కణ్ణుంచి ఒంటిని పైకి లాగడంలో ఉంది. కింద ఇద్దరు గోడకి వీపు ఆనించి, పాదాలు అడుగు దూరం ముందుకి పెట్టి, మోకాళ్ళు వంచి నిలబడాలి. ఎక్కే మనిషి తొడ మీద అడుగు వేసేటప్పుడు తుంటికి దగ్గరగా వేయాలి. మోకాలి దగ్గర వేస్తే కాలు పక్కకి వంగిపోయి ఇద్దరూ పడతారు. తొడ మీద నుంచి, చేతులు పెనవేసిన దోసిట్లోకి, అక్కణ్ణుంచి భుజాల మీదికి. భుజం మీద పాదం అంచున కాకుండా మెడ పక్కన పెట్టాలి. కింది ఇద్దరూ ఊపిరి బిగబట్టొద్దు. ఒకళ్ళు గట్టిగా "ఒకటి, రెండు, మూడు" అంటే మూడుకి అందరూ కలిసి లేపాలి.

మొదట ఎక్కినవాళ్ళు సంబరంగా అటు దూకేయకూడదు. గోడ మీద గుర్రం ఎక్కినట్టు చెరో కాలు చెరోపక్క వేసి, తొడలతో గోడని నొక్కి కూర్చోవాలి. అలాగైతేనే కిందికి వంగి లాగగలరు. పట్టు ఎప్పుడూ మణికట్టుకి మణికట్టు. బురద చేతుల్లో అరచేతికి అరచెయ్యి సబ్బుముక్కలా జారుతుంది. మణికట్లు పట్టుకుంటే ఒకరి పట్టు సడలినా ఇంకొకరి పట్టు నిలుస్తుంది. పట్టుకునే ముందు రెండువైపులా చొక్కా లోపలివైపుకి తుడుచుకోండి. పొడిగా మిగిలేది అదే.

ఆఖరి మనిషి నాలుగైదు అడుగులు పరిగెత్తుకొచ్చి, ఒక పాదం గోడకి నడుం ఎత్తున తన్నిపెట్టి పైకి ఎగరాలి. పైన ఇద్దరు చెరో మణికట్టూ అందుకుంటారు. అందుకున్నాక లాగే పని సగమే. మిగతా సగం కాళ్ళతో గోడ మీద నడిచినట్టు తనే ఎక్కాలి. రెండుసార్లు తప్పితే మూడోసారి ప్రయత్నించకుండా పక్కనుంచి రమ్మనండి. మూడోసారికి పైవాళ్ళ చేతుల్లో సత్తా ఉండదు, పడేది అప్పుడే.

దిగేటప్పుడు గోడ మీంచి దూకితే చీలమండ మడత పడుతుంది. వెనక్కి తిరిగి, అంచు పట్టుకుని పూర్తిగా వేలాడితే పాదాలకీ నేలకీ మధ్య మిగిలేది అడుగే. అప్పుడు వదిలేయండి.

ప్రశ్న: దుంగ మోత గురించి చెప్పండి. పోయినసారి ఇరవై అడుగులు వేయకుండానే మా దుంగ ఒకళ్ళ కాలి మీద పడబోయింది.
- అంబాజీపేట నుంచి ముగ్గురు మిత్రులు

మీ మండలంలో వాళ్ళకి మేం చెప్పాలా? కనుమ నాడు జగ్గన్నతోటకి వచ్చే ప్రభలు (శివుడి పేరున కట్టే ఎత్తైన వెదురు చట్రాలు) కౌశిక ఏరు దాటి, చేల మధ్య నుంచి ఎలా వస్తాయో చూస్తూనే ఉంటారుగా. అంత ఎత్తు ప్రభ నీళ్ళలో ఒరగకుండా నిలబడేది మోసేవాళ్ళ కండబలంతో మాత్రమే కాదు. "అశ్శరభ శరభ" అన్న అరుపుకి అందరి అడుగూ ఒక్కసారే పడుతుంది. దుంగకీ అంతే, ఒక గొంతు కావాలి. ఆ గొంతు వెనకున్నవాళ్ళదైతే మేలు, ముందున్నవాళ్ళందరి కాళ్ళూ వాళ్ళకి కనిపిస్తాయి.

బరువు ఎంతో ముందే లెక్కేసుకోండి. మూడు మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న పచ్చి సరుగుడు దుంగ యాభై కిలోల దాకా తూగుతుంది. నలుగురికి పంచితే తలా పన్నెండున్నర. కానీ పొట్టివాళ్ళు పొడుగువాళ్ళ మధ్యలో నిలబడితే వాళ్ళ భుజానికి దుంగ ఆనదు, బరువంతా ఇద్దరి మీదే పడుతుంది. మీ దుంగ జారడానికి మా అనుమానం ఇదే. పొడుగు వరసలో నిలబడండి, అందరూ ఒకే భుజం మీద పెట్టుకోండి. భుజం మార్చాలంటే ఆగి, దించి, మార్చాలి. నడుస్తూ తల మీంచి దాటించే విన్యాసాలు వద్దు. దించేటప్పుడు అందరూ దుంగకి ఒకే పక్కకి వచ్చి, మాటకి ఒక్కసారే వదలాలి.

ఇసక మూటలైతే సైజు చూసి మోసపోకండి. తడిసిన ఇసక పది లీటర్లు ఇరవై కిలోలకి అటూఇటూగా ఉంటుంది.

ప్రశ్న: ఏ బట్టలు, ఏ బూట్లు? మెట్టెలు, మంగళసూత్రం తీయక్కర్లేదు కదా? మా అత్తగారు ఒప్పుకోరు.
- ఓ పాఠకురాలు, కొత్తపేట

కాటన్ వద్దు. నీళ్ళు పీల్చి బరువెక్కి, సాగి, తొడల మధ్య ఒరుసుకుని పుండు చేస్తుంది. ఒంటికి అంటుకునే పాలిస్టర్ టీషర్టు, చీలమండ దాకా వచ్చే లెగ్గింగ్స్ ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఉత్తమం. మోకాళ్ళూ మోచేతులూ గీసుకుపోవు. ఒరుసుకునే చోట్ల వాజలిన్ రాయండి, అరచేతులకి మాత్రం తగలనీయకండి. జడ ముడి వేసుకోండి. జేబులున్న ప్యాంటు వద్దు, రెండు జేబుల్లో కిలో బురద మోసుకు తిరగాల్సి వస్తుంది.

బూట్లు పాతవైనా అట్ట గట్టిగా, కింద పళ్ళు 5 మిల్లీమీటర్ల లోతుకి తగ్గకుండా, పైభాగం జాలీగా ఉండాలి. నీరు ఎంత తొందరగా బయటికి పోతే అంత మంచిది. ఫుట్‌బాల్ స్టడ్స్ చెక్క మీద జారతాయి, తోటివాళ్ళ తొడ మీద అడుగు వేస్తే చర్మం లేస్తుంది. వట్టికాళ్ళతో దిగుతామనేవాళ్ళకి ఒక్క మాట: మన బురదలో నత్తగుల్లలుంటాయి, కోసిన వరి మోళ్ళుంటాయి. తాడు ముడి రెండుసార్లు వేసి కొసలు లోపలికి దోపండి.

ఉంగరాలు, గాజులు, చెవి బుట్టలు తీసి తీరాలి. ఇందులో బేరం లేదు. ఉంగరం ఉన్న వేలు బారుకో మేకుకో తగులుకున్నప్పుడు ఒంటి బరువంతా ఆ వేలి మీద పడి చర్మం తొడుగులా ఊడివస్తుంది. మెట్టెలు తడి బూటులో వేళ్ళ మధ్య ఒరుసుకుని బొబ్బలు తెస్తాయి. తీయడం కుదరకపోతే మెత్తని గుడ్డ టేపు చుట్టండి. సూత్రాల గొలుసుని ఆ రెండు గంటలకీ తీసి, పసుపుతాడు కట్టుకుని టీషర్టు లోపల వేసుకోవచ్చు. లోపల ఉంటే దేనికీ చిక్కుకునే అవకాశం తక్కువ. అత్తగారికి ఆ మాటే చెప్పండి, ఒప్పుకుంటారు.

ప్రశ్న: రైతులు రోజూ దిగే బురదే కదా, జబ్బులేంటి అంటారు మావాళ్ళు. నాకు 52 ఏళ్ళు, షుగరుంది. దిగొచ్చా?
- ఓ పాఠకుడు, నర్సాపురం

రైతులకి రావనేదే పొరపాటు. కోతల ముందు ఎలక బుట్టలు పెట్టించుకోని రైతు మన డెల్టాలో అరుదు. ఎలక ఉన్నచోట దాని మూత్రం ఉంటుంది, అందులో లెప్టోస్పైరా అనే బాక్టీరియా ఉండొచ్చు. చర్మం మీద గీతల్లోంచి, కళ్ళలోంచి, నోట్లోంచి అది ఒంట్లోకి పోతుంది. 2000లో బోర్నియోలో జరిగిన ఎకో ఛాలెంజ్ సాహస పోటీ తర్వాత వైద్యులు విచారించగలిగిన 189 మంది ఆటగాళ్ళలో 80 మందికి ఈ జబ్బు లక్షణాలు కనిపించాయి. నదిలో ఈదినవాళ్ళకి ముప్పు ఎక్కువని తేలింది. 2012లో అమెరికాలోని నెవాడాలో ఒక బురద పరుగు తర్వాత 22 మందికి కాంపైలోబాక్టర్ విరేచనాలు పట్టుకున్నాయి. పశువులు తిరిగిన నేల మీద పెట్టిన పోటీ అది. బురదనీళ్ళు గుటక పడినవాళ్ళే ఎక్కువగా జబ్బుపడ్డారు.

కాబట్టి నోరు మూసుకుని పాకండి. తుడిచిన చేతితోనైనా కళ్ళు నలపొద్దు. కాంటాక్ట్ లెన్సులు ఇంట్లో వదిలేయండి. ముందే గాయాలుంటే మానుకోవడం మంచిది. చిన్న గీతలైతే నీరు చొరని ప్లాస్టర్ వేయండి. ధనుర్వాతం ఇంజెక్షన్ పదేళ్ళకోసారి పడాలి. మురికి గాయమైతే ఐదేళ్ళు దాటినా మళ్ళీ వేస్తారు. పరుగు అయ్యాక నెల లోపు, సాధారణంగా వారం పది రోజులకి, చలిజ్వరం, తలనొప్పి, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్ళెర్రబడడం కనిపిస్తే డాక్టరుతో మొదటి వాక్యంగా "నేను బురదనీళ్ళలో దిగాను" అనండి. ఆ మాట చెప్పకపోతే మామూలు వైరల్ జ్వరమని సరిపెట్టే అవకాశం ఉంది. ముందు జాగ్రత్తకి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ వేసుకోవాలా అనేది డాక్టరు తేల్చాల్సిందే, మందుల షాపు కాదు.

మీ సంగతికొస్తే, పాదాల్లో తిమ్మిరి, స్పర్శ తగ్గడం ఉంటే దిగొద్దు. గుల్ల కోసుకున్నది తెలియదు, అదే పుండవుతుంది. షుగరు అదుపులో లేనివాళ్ళకి మట్టిలో ఉండే, మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే బాక్టీరియా కూడా ప్రమాదమే. పాదాలు బాగుండి, షుగరు అదుపులో ఉండి, డాక్టరు సరేనంటే వెళ్ళండి. ఇన్సులిన్ గానీ, షుగరు బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్ళు గ్లూకోజు పొట్లం ప్లాస్టిక్ సంచిలో కట్టి జట్టులో ఇంకొకరికి ఇవ్వాలి. కళ్ళు తిరిగిన మనిషి తన జేబు తను వెతుక్కోలేడు.

ప్రశ్న: మా యువజన సంఘం తరఫున పంట లేని చేలో ఇలాంటి పోటీ పెట్టాలనుకుంటున్నాం. ఒక రైతు రెండెకరాలు ఇస్తానన్నారు. ఏమేం చూసుకోవాలి?
- ముమ్మిడివరం దగ్గర్నుంచి

ముందు ఆ రైతు గురించి ఆలోచించండి. చేలో గుంతలు తవ్వితే పైన చెప్పిన గట్టి పొర తెగుతుంది. తర్వాత ఎంత పూడ్చినా ఆ మడిలో నీరు నిలవదు, ఇంకిపోతూనే ఉంటుంది. చేలో దమ్ము బురద వరకే పెట్టుకోండి. గుంతలు, గోడలు, స్తంభాలు మెరక మీదో, కొబ్బరితోట పక్క ఖాళీ జాగాలోనో వేయండి. కొబ్బరిచెట్ల కింద మాత్రం దారి పెట్టొద్దు, కాయ ఎప్పుడు రాలుతుందో చెప్పలేం.

సార్వా (వానాకాలం వరి) కోతలయ్యాక, దాళ్వా (రెండో పంట) ఊడ్పులకి ముందున్న సందు మీకు దొరికే సమయం. దాళ్వా వేయని చేను అయితే తొందర ఉండదు. ఆఖరిసారి ఏ పురుగుమందు ఎప్పుడు చల్లారో రైతుని అడిగి రాసుకోండి, ఈమధ్యనే అయితే ఇంకో చేను చూడండి. నీళ్ళు పంట కాలవవో బోరువో కావాలి. మురుగు కాలవ, రొయ్యల చెరువు వదిలిన నీరు ఎంత దగ్గరున్నా వద్దు. పరుగుకి ఒకటి రెండు రోజుల ముందే నీళ్ళు పెట్టండి. వారాల తరబడి నిలవబెట్టిన నీరు మీకు బురదతోపాటు రోగాలనీ ఇస్తుంది.

ట్రాక్టరు ఇనప కేజ్ వీల్స్‌తో రెండు చాళ్ళు దమ్ము చేయించండి, మోళ్ళు లోపలికి అణిగిపోతాయి. పాకే గుంతకి పది మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, ముప్పావు మోకాలి లోతు చాలు. నీళ్ళు 25 సెంటీమీటర్లు పెడితే ఏడున్నర వేల లీటర్లు, అంటే ఐదువేల లీటర్ల ట్యాంకరు ఒకటిన్నర. పైన ముళ్ళకంచె ఊసే వద్దు. మంచాలకి అల్లే నవారు పట్టీలు నేలకి అర మీటరు ఎత్తున అడ్డంగా లాగి కట్టండి. తల తగిలినా ఏం కాదు, దూరానికి ముళ్ళతీగలాగే భయపెడుతుంది. నీళ్ళు పెట్టేముందు గుంత అడుగంతా దంతెతో దువ్వి గుల్లలు, గాజుపెంకులు, మేకులు ఏరించండి. నీళ్ళు పెట్టాక ఎవరూ ఏరలేరు.

గోడకి 15 సెంటీమీటర్ల మందం సరుగుడు స్తంభాలు, 12 అడుగులవి తీసుకుని 4 అడుగులు పాతండి. తడి నేలలో అదీ చాలదు. ప్రతి స్తంభానికీ వెనక ఏటవాలు ఊతం కావాలి. ఒకేసారి ముగ్గురు ఎక్కి ఊగుతారు, అంటే రెండున్నర మూడు వందల కిలోలు. పరుగుకి ముందు రోజు మీలో బరువైన నలుగురూ ఎక్కి ఊపి చూడండి. అటువైపు దూకేచోట వరిగడ్డి వేయాలనిపిస్తుంది. వేయొద్దు. కింద ఏముందో కనపడదు, పాములకి ఇల్లు. కొబ్బరి పీచు తీసే యూనిట్ల దగ్గర గుట్టలుగా పడుండే కొబ్బరిపొట్టు అడుగు మందాన పరవండి, దెబ్బ తగలదు, తడిసినా గడ్డకట్టదు. వేలాడే బార్లకి ఒక అంగుళం జీఐ పైపు తీసుకోండి. దాని బయటి మందం 34 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ, పట్టుకి వీలు. ఇంచుంపావు పైపు బలంగా ఉంటుందని కొంటే బయటి మందం 42 దాటి, చిన్న చేతులవాళ్ళకి పట్టు చిక్కదు.

నీటి గుంత మీటరు లోతు మించనివ్వకండి, ఎత్తు మీంచి దూకేది అసలు పెట్టకండి. 2013లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో ఇలాంటి పరుగులో ఎత్తైన బల్ల మీంచి బురదనీటి గుంతలోకి దూకిన యువకుడు మునిగి చనిపోయాడు. బురదనీటిలో మునిగిన మనిషి పైనుంచి కనపడడు, వెనకవాళ్ళు మీద దూకేస్తుంటారు. ప్రతి నీటి గుంత దగ్గరా ఈత వచ్చినవాళ్ళు ఇద్దరు ఉండి, దిగిన జట్టులో ఎంతమందో, ఎక్కినవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టాలి. లెక్క సరిపోయేదాకా వెనక జట్టుకి ఈల వేయకూడదు. విదేశీ పోటీల్లో కరెంటు తీగలు వేలాడదీస్తారని విని మోటారు కనెక్షన్ నుంచి అలాంటిది చేద్దామన్నవాళ్ళని ఆ రోజు పొలంలోకే రానీయకండి.

పంచాయతీకి, పోలీసులకి రాతపూర్వకంగా చెప్పండి. దగ్గర్లోని ఏ ప్రభుత్వాసుపత్రిలో పాముకాటు ఇంజెక్షన్ ఉందో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. 108 అంబులెన్సు లోపలికి వచ్చి తిరిగి వెళ్ళే దారి ఉందో లేదో మీరే బండి తోలి చూడండి. మనిషికి ఇరవై లీటర్ల చొప్పున కడుక్కునే నీళ్ళు పెట్టండి. రెండు వందల మందికి నాలుగు వేల లీటర్లు. పెట్టకపోతే అందరూ పక్క కాలవలో దూకుతారు.

ప్రశ్న: పొద్దున్నే పెసరట్టు ఉప్మా తిని వెళ్ళొచ్చా?
- భీమవరం

మూడు గంటల ముందైతే ఒక పెసరట్టు, అదీ నూనె తక్కువగా. గంట ముందైతే వద్దు, బోర్లా పాకేటప్పుడు అల్లం గొంతులోకి వస్తుంది. రెండు ఇడ్లీలు, అరటిపండు నయం. కొబ్బరినీళ్ళు మంచివే గానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో ముఖ్యంగా పోయేది సోడియం. లీటరు నీళ్ళలో ఒక ఓఆర్ఎస్ పొట్లం పూర్తిగా కలిపి అందరూ తలా కాస్త తాగండి. సగం పొట్లం, కొంచెం నీళ్ళు అన్న చేతి లెక్కలు వద్దు. దాహం లేకపోయినా లీటర్లకొద్దీ వట్టి నీళ్ళు తాగడం కూడా ప్రమాదమే.

ప్రశ్న: పోయినసారి బట్టలు మిషన్లో వేస్తే మిషన్ చెడింది. బూట్లు కంపుకొట్టి పారేశాం.
- ఓ పాఠకురాలు, రాజోలు

మన ఒండ్రుమట్టి రేణువు చాలా సన్నం. మిషన్ వడపోత దాటిపోయి పైపులో పేరుకుని సిమెంటులా బిగుస్తుంది. బట్టలు ఆరనీయకుండా అక్కడే బకెట్లో మూడు నాలుగు నీళ్ళు మార్చి జాడించండి. నీళ్ళు తేటగా వచ్చాకే సబ్బు. వేణ్ణీళ్ళు ఆఖర్న, ముందు కాదు. బూట్లకి లోపలి అట్ట తీసేసి విడిగా కడగండి, వాసన దాచుకునేది అదే. తర్వాత పాత పేపర్లు ఉండచుట్టి లోపల కూరి నీడలో పెట్టండి. మొదటి రోజు రెండు గంటలకోసారి పేపరు మార్చాలి. ఎండలో పెడితే జిగురు ఊడి అట్ట నోరు తెరుస్తుంది.